పది నంబరు కార్డు

మా చిన్నప్పుడు... పటమటలో మా ముందుగది నేలంతా మా పిన్ని కార్డులే ఉండేవి. పల్చటి అట్టలు, వాటికి సన్నసన్నటి చిల్లులు. ఎగిరిపోతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాను వెయ్యనిచ్చేది కాదు!

అవి కంప్యూటర్ చదివే కార్డులట. కంప్యూటరేమో మద్రాసులో. పిన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం యాభై ఊళ్ల వరి దిగుబడి లెక్కని ఫోర్‌ట్రాన్‌ అనే అప్పటి కంప్యూటర్ భాషలో రాసింది. లైనుకో కార్డు. చిల్లులు కూడా మద్రాసులోనే గుద్దించి తెచ్చుకుని, వరస సరిచూసుకుంటోంది. ఆ పెట్టెని వాళ్ల సారు మద్రాసు పట్టుకెళ్లాలి. లెక్క సరిగ్గా వస్తే, అక్కడే ఉద్యోగానికి పిన్ని పేరు చెబుతానన్నారాయన.

"ఇదిగో, ఈ 'డూ' కార్డు నుంచి పది నంబరు కార్డు దాకా ఉన్నవన్నీ యాభైసార్లు చెయ్యాలన్నమాట."

"మరి ఆ పది నంబరుదేం చేస్తుంది పిన్నీ?"

"ఏమీ చెయ్యదే. ఇక్కడిదాకా అని చెబుతుంది, అంతే."

పెట్టె సారుకి ఇవ్వబోయే ముందు వచ్చిన శనివారం, సండే స్కూల్లో అప్పజెప్పాల్సిన వాక్యం రాసుకోవడానికి నాకో అట్టముక్క కావాల్సొచ్చింది. పాడైన కార్డులు పిన్ని నాకే ఇచ్చేది కదా... పెట్టెలో ఒకదానికి చిల్లులు మరీ తక్కువ. పనికిరానిదే అనుకుని లాగేశాను. మర్నాడు తప్పులేకుండా అప్పజెప్పానని టీచరమ్మ పెన్సిలు కూడా ఇచ్చారు.

వారం తర్వాత సారు పెట్టెతో తిరిగొచ్చారు. లెక్క అసలు మొదలే కాలేదట.

"పది నంబరు కార్డు మర్చిపోయావేంటమ్మా? కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటిది."

"పెట్టానండీ... పెట్టాననే గుర్తండీ."

నేను లోపలికెళ్లి బైబిల్లోంచి నా కార్డు తీసి తిప్పి చూశాను. పై అంచున సన్నగా పది అంకె, పక్కనే ఇంగ్లీషులో 'కంటిన్యూ'. కూడబలుక్కుని చదివాను. మళ్లీ బైబిల్లోనే పెట్టేశాను.

మళ్లీ పంపడానికి గడువు లేదు. పిన్ని లెక్కంతా చేత్తోనే చేసింది. ఉద్యోగం మాట సారు మళ్లీ ఎత్తలేదు. తర్వాత హనుమాన్ జంక్షన్‌లో లెక్కల టీచరైంది. కార్డు ఉన్నా, అమ్మమ్మ తనని మద్రాసు పంపేదా? ఏమో... ఆ అనుమానం నాకెంత అనువుగా ఉందో కూడా తెలుసు.

ఇప్పుడు నేను కాలేజీలో పైథాన్ చెబుతాను. ఇందులో అలా మళ్లీమళ్లీ చేయించే లూప్‌ని ముగించడానికి విడిగా ఏదీ అక్కర్లేదు. లోపలికి జరిపి రాసిన లైన్లు తిరుగుతాయి, మళ్లీ అంచుకొచ్చి రాస్తే అక్కడితో సరి. తప్పుంటే ఆ క్షణంలోనే చెబుతుంది, అప్పుడే దిద్దుకోవచ్చు.

మొన్న పిన్ని వస్తే లాప్‌టాప్‌లో చూపించాను. ముచ్చటపడింది.

"ఎంత సుఖమే మీకు! నేను చూడు, ఆ పది నంబరు కార్డు మర్చిపోయి..." అని నవ్వేసింది.

మర్చిపోయానని తనే నమ్మేసింది... ఇన్నేళ్లలో.

ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం పట్టుకెళ్లి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇంత ఆలస్యంగా నిజం చెప్పినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? మొదటి మాట ఏమన్నారో... కాస్త చెప్పరూ.