అక్క పేరు మీద

తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న గుమాస్తాని అందరూ చెదపురుగు అంటారు. "తినేది కాగితాలేగా, ఒంటికెక్కడ పడుతుంది?" అని అటెండరు వేళాకోళం. తాలూకాలో ఎవరి వంశమైనా ఏడు తరాలు వెనక్కి గడగడా చెప్పేస్తాడాయన. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో తనూ, డెబ్బై రెండేళ్ళ తల్లీ, అంతే.

ఈ ఏడు ఆయనకిచ్చిన పని, పొడైపోతున్న జనన మరణాల రిజిస్టర్లకు నకలు రాయడం. ఉన్నది ఉన్నట్టు దించాలి. చనిపోయిన ప్రతి మనిషినీ జననాల్లో వెతికి, పేరు పక్కన 'మృతి' అని రాయాలి. ఆ తర్వాత పాత పుస్తకం తగలబెట్టేస్తారు. దించకుండా వదిలేసినవాళ్ళు ఇక పుట్టనట్టే.

ఒక మధ్యాహ్నం మరణాల పుస్తకంలో తల్లి పేరు కనిపించింది. తాత పేరూ, ఇంటి నంబరూ అవే. వయసు మూడేళ్ళు. జ్వరం. కింద అమ్మమ్మ వేలిముద్ర. జననాల్లో చూస్తే ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఒక్కతే. తల్లికి ఓటూ ఇల్లూ వచ్చింది ఆ పుట్టుక నమోదు మీదే. అక్కడ 'మృతి' అని రాస్తే కాగితం మీద తల్లి ఉండదు.

పుస్తకం మూసి ఇంటికెళ్ళాడు. తల్లి వరండాలో బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నీకో అక్క ఉండేదా?"

ఆమె చేతులాగలేదు. "దొరికిందా? అది పోయిన మరుసటేడు నేను పుట్టా. మళ్ళీ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారని దాని పేరూ, దాని కాగితమే నాకిచ్చేశారు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే!"

"చెప్పొద్దంది."

"ఎవరు, అమ్మమ్మా?"

"కాదు. చిన్నప్పుడు పేరుపెట్టి పిలిస్తే ఇద్దరం పలికేవాళ్ళం. అదే ముందు పలికేది."

"దించితే నువ్వు లేనట్టవుతుందే."

"దించకపోతే అది లేనట్టవుతుంది. రాసెయ్ నాన్నా. ఒకసారి పోయింది చాలు."

మర్నాడు రాసేశాడు.

సాయంత్రం ఆలస్యపు జనన నమోదు ఫారం ఇంటికి తెచ్చి, తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తండ్రి పేరూ, ఊరూ నింపాడు. పై గడి మిగిలింది.

"నీ పేరేమని రాయను? అదే ఉంచుకుంటావా?"

"ఉండరా, అడిగొస్తా."

ఆమె లోపలి గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఏదో నెమ్మదిగా అంటోంది. ఆగుతోంది. మళ్ళీ అంటోంది. ఆయన కలం మూత తీసి కూర్చున్నాడు. పావుగంటకి తల్లి గొంతు పెరిగింది.

ఒప్పుకున్నట్టు లేదు.