పచ్చి మద్ది దూలాలు

రమణయ్య ఓవర్సీరుగా జువ్వలదిన్నెకు వచ్చింది 1959లో. ఊరికీ సముద్రపు ఒడ్డుకీ నడుమ ఉప్పుకాలవ ఉంది. ఆడవాళ్లు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని మొలలోతు నీళ్లలో దాటేవారు. దాని మీద కొయ్య వంతెన కట్టించడం రమణయ్యకు ఒంటిగా అప్పగించిన మొదటి పని.

లెక్క ఆయనే వేశాడు. ఆఫీసు పుస్తకంలో మద్ది కలపకు రెండు అంకెలున్నాయి. ఆరిన కలప ఎంత బరువు ఓరుస్తుందో ఒకటి, పచ్చిది ఎంత ఓరుస్తుందో ఇంకొకటి. పచ్చిదాని అంకె బాగా తక్కువ. కలప ఆరిందే వస్తుందనుకుని పెద్ద అంకె తీసుకున్నాడు. మూడు దూలాలు చాలునని తేలింది.

బండ్ల మీద కలప దిగిన రోజు, వంతెన కొయ్యపనికి కుదిరిన, పడవలు కట్టే వడ్రంగి ఓబయ్య ఒక దూలాన్ని బాడిసెతో చెక్కి ఆ పేడు రమణయ్య చేతిలో పెట్టాడు. తడిగా తగిలింది.

"పచ్చి మానయ్యా. కొట్టి నెల కూడా కాలేదు. పడవకైతే నేను దీన్ని ముట్టను."

"ఎన్నాళ్లు ఆరాల?"

"ఏడాదన్నా నీడన పడుండాల. ఇప్పుడే వేసేటట్టయితే ఇంకో రెండు దూలాలు తెప్పించండి."

ఆ సాయంత్రం రమణయ్య చిన్న అంకెతో మళ్లీ లెక్క వేశాడు. ఓబయ్య అన్నట్టే ఐదు దూలాలు వచ్చాయి. మర్నాడు ఆ కాగితం పట్టుకుని నెల్లూరు వెళ్లాడు. పై అధికారి దాన్ని సరిగా చూడనైనా లేదు. "ప్రారంభోత్సవానికి తేదీ పెట్టేసినారు. ఇప్పుడు కొత్త కలపంటే ఎట్లా? వంతెన మీదే ఆరతుందిలే" అన్నాడు. రమణయ్య జువ్వలదిన్నెకు తిరిగొచ్చి మూడు దూలాలతోనే పని కానిచ్చాడు.

ఏడాది తిరక్కుండానే వంతెన నడుమ కిందికి వంగింది. ఓబయ్య వచ్చి చెప్పాడు. రమణయ్య పైకి రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. వంతెన మూయించే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఆ కార్తీకంలో మూడు రోజుల ముసురు తర్వాత పడవలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్లంతా ఒక్కసారిగా తట్టలతో వంతెనెక్కారు. నడిమి దూలం విరిగింది. కాలవ పోటు మీదుంది. ముగ్గురు పోయారు. అందులో ఒకామె ఓబయ్య భార్య నాగులమ్మ.

విచారణలో రమణయ్య ఐదు దూలాల లెక్క తీసి చూపాడు. దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. దూలాల కొసలు వడ్రంగి లోతుగా కోసినందువల్లే వంతెన విరిగిందని నివేదికలో రాశారు. కింద సంతకం చెయ్యమన్నారు. ఉద్యోగం, ఇంట్లో భార్య ఇందిరమ్మ, ఇద్దరు పసిపిల్లలు కళ్లముందు మెదిలారు. చేశాడు.

ఆ తర్వాత ఓబయ్యకు పడవ పని ఇచ్చినవాళ్లు లేరు. రమణయ్య వాళ్లింటికి వెళ్లి గడప బయటే నిలబడ్డాడు.

"తప్పు నాది ఓబయ్యా."

ఓబయ్య తలెత్తాడు. "మీకు తెలీక చేసినారనుకుంటే నాకు కొంచెం నయంగా ఉండేదయ్యా. నేను చెప్తే మీరు విన్నారు. లెక్క కూడా వేసినారు. అదే నాకు మింగుడు పడేది లేదు. పోండయ్యా."

కొన్నాళ్లకు ఓబయ్య పులికాట్ వైపు వెళ్లిపోయాడు.

తప్పు తనదేనని రమణయ్య తర్వాత మూడు అర్జీలు పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. తోటపల్లి గూడూరుకు బదిలీ అయ్యాక ఏ కలపకైనా అన్నిటికంటే చిన్న అంకె తీసుకుని, దాన్నీ సగం చేసి లెక్క కట్టేవాడు. ఒక చిన్న కాలిబాట వంతెనకు ఎనిమిది దూలాలు అడిగితే ఆఫీసంతా నవ్వింది. డ్రాయింగులు ఆయన దగ్గర్నుంచి తీసేసి కూలీల హాజరు పట్టీ రాయమన్నారు. అదే రాశాడు.

1967లో సెలవు పెట్టి పులికాట్ పల్లెలన్నీ తిరిగాడు. ఒకచోట వలలు బాగుచేస్తున్న ముసలమ్మ అనే ఆమె ఓబయ్యను ఎరుగుదునంది.

"పోయిన ఎండాకాలం పోయినాడు నాయనా. కూలికి పడవలు లాగేవోడు. బాడిసె పట్టుకోగా ఎప్పుడూ చూళ్లా. నువ్వేమవతావు ఆయనకి?"

రమణయ్య ఏమీ కానని చెప్పి, ఇసుకలో వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.