ముందు సీటు ముఫీద్

ముఫీద్‌ను పీనాసి అంటే అతని భార్య ఇన్షిరాహ్ ఒప్పుకోదు. "పీనాసులు డబ్బు దాచుకుంటారు. ఈయన దాచింది నా కంటికి ఎప్పుడూ కనబడలేదు" అంటుంది.

ఆమె మాటలో అబద్ధం లేదు. ఇల్లు ఇంబాబాలో, ఉద్యోగం నైలుకు అవతల ఫగ్గాలాలో. కమోడ్లూ కుళాయిలూ అమ్మే హాజీ షలబీ కొట్లో గుమాస్తా. జీతంలో కొంత రోడ్డు మీదే పోతోందన్న బెంగ అతన్ని పెళ్లికి ముందు నుంచీ పట్టుకుంది. కొన్నాళ్లు నడిచి వెళ్లాడు. బూట్ల అడుగులు అరిగిపోయి చెప్పులు కుట్టేవాడు బాగుపడ్డాడు. ప్రభుత్వ బస్సు చవకని దాని మెట్టు మీద వేలాడాడు. చొక్కా గుండీలు ఊడాయి, ఒకసారి జేబు కూడా కొట్టేశారు. అందులో చేతిరుమాలు తప్ప ఏమీ లేనందుకు దొంగ తిట్టుకుంటూ దిగిపోయాడు. బావమరిది సైకిలు అడిగి తెచ్చుకుని, వంతెన దిగుతూ, నెత్తిన రొట్టెల తట్టతో వస్తున్నవాణ్ణి గుద్దాడు. ఆ రొట్టెలన్నీ కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంటిల్లిపాదీ వాటిని ఇసుకతో సహా తిన్నారు.

చివరికి అదృష్టం దసూకీ అనే డ్రైవరు నడిపే మైక్రోబస్‌లో దొరికింది.

ఆ బళ్లలో కండక్టరు ఉండడు. వెనకవాళ్లు ఛార్జీ ముందువాళ్ల చేతికిస్తారు. అది చేతులు మారుతూ డ్రైవరు పక్క సీట్లోవాడి దాకా వస్తుంది. ఎవరు ఇచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరికి చిల్లర ఎంత అన్నది ఆ పక్క సీటువాడి ఖర్మ. అందుకే దానికోసం ఎవరూ ఎగబడరు. ఒకరోజు పొద్దున్నే వేరే చోటు లేక ముఫీద్ అందులో కూర్చున్నాడు. బండి వంతెన ఎక్కేలోపే అందరి లెక్కా తేల్చేశాడు. తన ఛార్జీ తీయబోతే దసూకీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జేబులో పెట్టుకో బాబూ. చిల్లర లెక్కపెడుతూ నేను ఇప్పటికే ఒక గాడిదబండిని గుద్దాను. రోజూ వస్తానంటే ఈ సీటు నీదే."

మొదట్లో ముఫీద్ సిగ్గుపడ్డాడు. తర్వాత తహసీల్దారు అయిపోయాడు. వెనక్కి తిరక్కుండానే హుకుం జారీ చేసేవాడు. "ఆఖరి వరసలో నలుగురు కూర్చున్నారు, ముగ్గురి డబ్బులే వచ్చాయి. ఆ నాలుగో ఆయన నిద్ర నటించడం మానేస్తే బావుంటుంది. గురక కూడా సరిగ్గా రావడం లేదు."

ఇలా హాయిగా సాగుతుండగా డీజిల్ ధర పెరిగింది. దసూకీ ఛార్జీ ఒక గినీ పెంచాడు. బండిలో గోల మొదలైంది. తిట్లన్నీ డ్రైవరును వదిలేసి ముఫీద్ మీద పడ్డాయి.

"మాకు జీతాలు పెరిగాయా? ఏం, నువ్వూ అతనూ చెరిసగమా?" అంది వెనక నుంచి బాతుల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ.

ముఫీద్ మనసు చివుక్కుమంది. పైసా కట్టనివాడు ఊరందరి చేత కట్టించడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకుంటాడు? బతిమాలీ దబాయించీ అందరి దగ్గరా వసూలు చేశాడు. ఆవిడ కూడా గొణుక్కుంటూ ఇచ్చింది. ఆఖరున ఒక రెండు వందల గినీల నోటు వచ్చింది.

"ఈ దుప్పటంత నోటు ఎవరిదండీ?" అన్నాడు.

"నాది. పాత రేటే పట్టుకుని మిగతాది సరిగ్గా ఇవ్వు."

ఆ గొంతు ముఫీద్ గుర్తుపట్టాడు. హాజీ షలబీ. కారు మెకానిక్ దగ్గర ఉన్నట్టుంది. ముఫీద్ మఫ్లరు ముక్కు దాకా లాక్కుని సీట్లోకి జారిపోయాడు.

దసూకీకి ఆ భయాలేమీ లేవు. వంతెన నడినెత్తిన బండి ఆపేశాడు. "కొత్త రేటు వస్తేనే కదులుతుంది."

వెనక కార్లు హారన్లు మోగించాయి. అప్పటిదాకా ముఫీద్‌ను తిట్టినవాళ్లంతా, తాము ఇచ్చుకున్నాక ఇంకొకడు తప్పించుకోవడమేమిటని హాజీ మీద విరుచుకుపడ్డారు.

"నోటు అంత పొడుగుంది, మనసు ఇంత కురచైందేం బాబూ?" అంది బాతులావిడ.

"నేను ఎవరో తెలుసా?" అన్నాడు హాజీ.

ఆ మాటతో ముఫీద్‌లోని తహసీల్దారు నిద్ర లేచాడు. మఫ్లరు లాగేసి వెనక్కి తిరిగాడు. "మీరెవరైనా సరే, ఈ బండిలో మీరూ ఒక సీటే. ఇస్తారా, దిగి నడుస్తారా? నైలు గాలి ఒంటికి మంచిదే."

చూపులు కలిశాయి. వెనక బుట్టలో బాతులు అరిచాయి. హాజీ కళ్లు దించుకుని తల ఊపాడు. ముఫీద్ కొత్త రేటు పట్టుకుని మిగతా చిల్లర వెనక్కి పంపాడు.

కొట్టుకెళ్లగానే పిలుపు వచ్చింది. ఉద్యోగం ఊడిందనుకుని, బల్ల మీది తన టీ గ్లాసు జేబులో వేసుకుని మరీ లోపలికి వెళ్లాడు.

"ఆ డ్రైవరు నీకెంతిస్తాడు?" అన్నాడు హాజీ.

"ఏమీ ఇవ్వడు హాజీ. నా దగ్గర తీసుకోడు, అంతే."

"రోజూ?"

"పొద్దున మాత్రమే. సాయంత్రం వేరే బండి, డబ్బులు పెట్టే వస్తాను."

హాజీ గడ్డం గోక్కున్నాడు. "పెట్రోలు ధర మండిపోతోందయ్యా" అన్నాడు.

మర్నాడు ముఫీద్ వచ్చేసరికి ముందు సీట్లో హాజీ కూర్చుని ఉన్నాడు. యజమానిని లేవమనడానికి నోరు రాలేదు. వెనక ఎక్కి, జీవితంలో మొదటిసారి దసూకీకి ఛార్జీ కట్టాడు. ఆ గినీలు వెళ్తున్నంతసేపూ కూతురిని అత్తారింటికి పంపుతున్నట్టు చూశాడు.

హాజీ లెక్కలో గట్టివాడే. చిల్లర తిరిగివ్వడంలోనే వచ్చింది చిక్కు. పుచ్చుకున్న డబ్బు వెనక్కి ఇవ్వడం ఆ చేతులకు అలవాటు లేని పని. "తర్వాత ఇస్తాలే", "దిగేటప్పుడు అడుగు" అనేవాడు. దిగేటప్పుడు బండి కదిలిపోయేది. ఆ వారంలో దసూకీ బండి గలాటా లేకుండా వంతెన దాటిన రోజు లేదు. ఒకాయన చిల్లర కోసం కొట్టు దాకా వెంటపడి వచ్చి, అక్కడ పెట్టిన కమోడ్ మీద కూర్చుని, ఇచ్చేదాకా లేవనన్నాడు.

వారం తిరిగేసరికి దసూకీ ముందు తలుపు తాడుతో కట్టేశాడు. హాజీ రాగానే, "తలుపు చెడిపోయింది పెద్దాయనా, మీరు కారులో రండి" అన్నాడు. ముఫీద్‌కు మాత్రం డ్రైవరు వైపు నుంచి దూరి వెళ్లమని కన్ను గీటాడు.

హాజీ కోపంగా కారు తీశాడు. రెండు రోజులు ఒంటరిగా పెట్రోలు కాల్చాక, కొట్లో ముఫీద్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎందుకొచ్చిన అవస్థయ్యా, డ్రైవరు వైపు నుంచి దూరడం. రేపటి నుంచి నా కారులో రా. పెట్రోలు సగం సగం."

"మీ కారులో నా చిల్లర ఎవరు వెనక్కి ఇస్తారు హాజీ?" అని, ముఫీద్ కుళాయిలు తుడవడానికి వెళ్లిపోయాడు.