x = x + 1 అబద్ధమన్న స్వప్న

2016. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పేదాన్ని. హాలియా నుంచి రోజూ బస్సులో వచ్చే స్వప్న లెక్కల్లో దిట్ట. నా ప్రోగ్రామింగ్ పేపర్ మాత్రం తప్పింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పిస్తానని వాళ్ల నాయిన తేల్చి చెప్పాడు.

పిలిచి అడిగాను. "x = x + 1 రావాల్సిన ప్రతిచోటా ఖాళీ వదిలేశావేంది?"

"అది అబద్ధం గద మేడం! ఒకటి కలిపినంక గూడ ఎక్స్ ఎక్సే ఎట్లయితది?"

"అందరూ రాస్తలేరా? నువ్వూ రాయి!"

"ఆళ్లు బట్టీ కొట్టిన్రు. నాకు సమజ్ కానిది నేనెట్ల రాయాలె?"

నాకు ఒళ్లు మండింది. ఎంత మొండిఘటం! అయినా ఇంటికెళ్లే దారంతా ఆ మాటే తొలిచింది. తొలిచీ తొలిచీ ఎప్పుడో చదివిన ఒక సంగతిని పైకి లాగింది. ఆటోలోనే "దొరికింది!" అని అరిచాను. డ్రైవర్ బ్రేకేశాడు పాపం.

1970ల మొదట్లో స్కాట్లాండ్‌లో ఒక యువ అధ్యాపకుడు, పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద రాయడానికి ఒక చిన్న భాష అల్లుకున్నాడు. అందులో ఒక పేరుకు ఒకసారి విలువ ఇస్తే ఇక మారదు. అంతా లెక్కల్లోలాగా సమీకరణాలే. ఈ పద్ధతినే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటాం. దాన్ని కంప్యూటర్ మీద నడపాలని ఆయన అనుకోనే లేదట. తోటి అధ్యాపకుడొకరు వారాంతంలో కూర్చుని నడిపించి చూపేసరికి, అప్పుడు దానికో పేరు వెతుక్కోవాల్సి వచ్చిందట. అలా పెట్టిన పేరే ఎస్ఏఎస్ఎల్.

మర్నాడు ఒకటి నుంచి n దాకా అంకెలన్నీ కూడే లెక్కను బోర్డు మీద ఆ తీరులోనే రాశాను.

మొత్తం 0 = 0
మొత్తం n = n + మొత్తం (n - 1)

స్వప్న నా చేతిలో సుద్దముక్క గుంజుకున్నంత పని చేసింది. "గిది నిజం మేడం! మూడుకు చేస్త, జర సూడుండ్రి." చకచకా 3 + 2 + 1 + 0 అని రాసింది, ఆరు వచ్చింది.

మా ల్యాబ్ చూసే యాదగిరి సార్ గుమ్మంలో నిలబడి వింటున్నారు. "మేడం, గిదాన్ని నడిపిద్దామా? ఆదివారం నాకేం పనున్నది!" అన్నారు. అన్నట్టే సోమవారం ఇంటర్‌ప్రెటర్, అంటే మనం రాసింది చదివి అమలు చేసే ప్రోగ్రామ్, తయారుచేసి తెచ్చారు. స్వప్న తన సమీకరణాలు టైప్ చేసింది. తెరమీద 6!

"వచ్చింది! ఓయమ్మో, వచ్చింది!" ల్యాబంతా మూగింది. నేనూ అరిచాను, సిగ్గేముంది!

"సార్, మీరు దీన్ని దేంట్ల రాసిన్రు?"

"మీ పేపర్ల ఉన్న సీ భాషలనే బిడ్డా," అంటూ ఆయన ప్రోగ్రామ్ తెరిచారు. అందులో x = x + 1 కనబడగానే స్వప్న తెర మీదికి వంగింది. ఆ లైనుకు ముందు ఎక్స్ ఎంతో, తర్వాత ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టి నావైపు తిరిగింది.

"మేడం, ఇది లెక్క చెప్తలేదు. హుకుం ఇస్తాంది! ఎక్స్‌ల ఉన్నదానికి ఒకటి కలిపి మళ్ల ఆడనే పెట్టుమంటాంది!"

ప్రోగ్రామింగ్‌లో ఆ హుకుంనే అసైన్‌మెంట్ అంటాం. సప్లిమెంటరీలో ఒక్క ఖాళీ కూడా వదల్లేదు. పాసైన రోజు వాళ్ల నాయిన మిఠాయి తెచ్చి, "ఇగ సదువు బంజెయ్ అన్న మాట నా నోట్ల రాదు మేడం," అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఏడూ మొదటి క్లాసులో బోర్డు మీద x = x + 1 రాసి ఆగుతాను. ఎవరో ఒకరు లేచి "తప్పు మేడం!" అంటే నా ప్రాణం లేచొస్తుంది. అందరూ మాట్లాడకుండా రాసుకుంటేనే నాకు ఫికర్.