అగోరా మట్టికి చీటీలు

ఆ ఏడాది విన్నిపెగ్‌లో పార్ట్‌టైం ఉద్యోగం దొరకడమంటే లాటరీ తగలడమే. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే మా బేస్‌మెంట్‌లోని ఆరుగురమూ అప్లై చేసేవాళ్లం, వీధి చివరి బేస్‌మెంట్‌లోని ఎనిమిదిమందీ చేసేవాళ్లు. అలాంటిది నాకు యూనివర్సిటీలోనే మట్టి కడిగే పని దొరికింది. "మట్టి కడగనీకి కెనడా దాకా వచ్చినవా రా!" అని మా రూమ్మేట్, కరీంనగర్ వాడు, పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ, వెచ్చటి గదిలో పని అనుకున్నాను.

ఆ మట్టి గ్రీసుది. అక్కడొక పాత ఊరి అగోరాని, అంటే సంతా సభా కోర్టూ అన్నీ ఒకేచోట జరిగే ఊరి నడిబొడ్డుని, మా ప్రొఫెసర్ ఎన్నో వేసవులు తవ్వించారు. డెబ్బై దగ్గరపడిన మనిషి. పేరుపెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి మేడం తప్ప రాలేదు. ఆ ఊరు ఒకసారి మొత్తం తగలబడిపోయిందట. కాలిన పొర కిందనుంచి కొంత, పైనుంచి కొంత మట్టి సంచుల్లో తెచ్చారు. డ్రమ్ములో నీళ్లు పోసి ఆ మట్టి కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. వాటిని గుడ్డలోకి వడగట్టడమే నా పని.

"ఊరు కాలాక జనం మళ్లీ ఆ సంతకి వచ్చారా, లేదా? పై పొరల్లో ఉన్నవి సంతకొచ్చిన ధాన్యపు గింజలో, ఉత్త కలుపు గింజలో చూస్తే తెలుస్తుంది. నేను పోయేలోగా అదొక్కటి తేలితే చాలు," అన్నారావిడ మొదటిరోజే. గుంటలు పూడ్చేశారు. మళ్లీ తవ్వుదామంటే అనుమతీ రాదు, ఆవిడ మోకాళ్లూ సహకరించవు. ఉన్నది ఆ మట్టే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం బల్లలన్నీ కుండపెంకులతో నిండిపోయి, ఆవిడ ఇరవై నాలుగు ట్రేలని హీటర్ పక్కన నేలమీదే పరిచి క్లాసుకి, అటునుంచే ఇంటికి వెళ్లిపోయారు. సంచుల్లోని మట్టంతా కడిగితే తేలినవి అవే. ఒక్కో ట్రేలో గుడ్డమీద ఆరుతున్న గింజలు, పక్కనే చీటీ. ఏ గుంట, ఏ పొర అన్నది దానిమీదే రాసి ఉంటుంది. సింకు దగ్గరికి వెళ్తుంటే ఒక చీటీ నా కాలికి తగిలింది. చప్పున వంగి తీసి కళ్లకద్దుకున్నాను. రాసిన కాగితం సరస్వతి, గింజలేమో అన్నం. రెండూ కాళ్లకిందా? ఈ తెల్లవాళ్లకి బొత్తిగా ఇంగితం లేదని గొణుక్కుంటూ చీటీలన్నీ ఏరి, ఎగిరిపోకుండా ఒక పుస్తకం కింద పెట్టాను. తర్వాత ట్రేలని చేతికందినవి అందినట్టు ర్యాకులోకి ఎక్కించాను. చెంబు దగ్గర్నుంచి గరిటె దాకా అన్నిటిమీదా పేరు కొట్టించే ఇంట్లో పెరిగినవాణ్ని. ట్రేల అడుగున నంబర్లుంటాయనే అనుకున్నాను.

చీటీలు తిరిగి పెడదామని ఒక ట్రే పైకెత్తి కిందనుంచి తొంగిచూశాను. ఏమీ లేదు. ఇంకోటి చూశాను. ఇరవై నాలుగూ చూశాను. ఏ చీటీ ఏ ట్రేదో ఇక తెలిసే దారి లేదు.

"ఎవనికి ఎర్కరా?" అన్నాడు రూమ్మేట్, నేను అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే. "ఇరవై నాలుగు ట్రేలు, ఇరవై నాలుగు చీటీలు. తలా ఒకటి పెట్టెయ్. ఎప్పుడో సచ్చినోళ్లు ఇప్పుడొచ్చి అడుగుతరా?"

ఆదివారం వెళ్లి నిజంగానే పెట్టాను, సిగ్గులేకుండా. చూస్తే ఎవరికీ రవ్వంత అనుమానం రాదు. దాంతోనే నాకు భయమేసింది. ఆవిడ వాటిని నమ్మేస్తారు, లెక్కలు కడతారు, వచ్చారనో రాలేదనో రాసేస్తారు. మళ్లీ అన్నీ తీసేశాను.

సోమవారం పొద్దున్నే చెప్పేశాను. ఆవిడ కోటు కూడా విప్పలేదు.

"ఒక్క ట్రే అయినా ఇది ఫలానా పొరది అని ఖాయంగా చెప్పగలవా?"

"లేదు మేడం."

"అసలెందుకు తీశావు?"

కాగితాలూ గింజలూ కాళ్ల దగ్గర ఉండకూడదని చెప్పాను. ఇంగ్లిషులో అది ఎంత పిచ్చిగా వినిపించిందో!

"అంటే, మర్యాద కోసం," అన్నారావిడ.

తిట్టి ఉంటే బాగుండేది. పనిలోంచి పొమ్మన్నా బాగుండేది. కోటుతోనే కుర్చీలో కూర్చుని ర్యాకువైపు చూస్తుండిపోయారు. ఒక మనిషి జీవితంలో మిగిలిన ఒకే ఒక్క ప్రశ్నని నేను చేతులారా చంపేశాను, దానికి విరుగుడు లేదు.

కాసేపటికి లేచి, సొరుగులోంచి ఖాళీ చీటీల కట్ట తీసి నా ముందు పెట్టారు. ఏం రాయాలో చెప్పారు. "పొర: తెలియదు." ఇరవై నాలుగుసార్లు రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివి, ఒక్కో ట్రేలో పెట్టుకుంటూ వచ్చారు. ఒకదాని దగ్గర ఆగి, వెనక్కి నా చేతికిచ్చారు.

"అక్షరాలు సరిగ్గా కనబడటం లేదు," అన్నారు. "మళ్లీ రాయి."