శుక్రవారం బొట్టు పెట్టిన టేపు

మా బాపు బావులు తవ్వేవాడు. ఆలేరు చుట్టుపక్కల కొంచెం లోతుకు పోతే చాలు, నేలంతా రాయే. ఆ రాయికి తూటాలు పెట్టి పేల్చీ పేల్చీ చెవులు పోగొట్టుకున్నాడు. ఆయనతో మాట్లాడాలంటే వాడకట్టు మొత్తానికీ వినపడేలా అరవాలి. నాకసలే ముక్కు మీద కోపం. నేను అన్నం తినమని పిలిచినా తిట్టినట్టే ఉండేది. అమ్మ మాత్రం ఎప్పుడూ అరవలేదు. ఎదురుగా నిలబడి మామూలుగానే మాట్లాడేది. బాపు ఆమె మొహం చూసి అంతా తెలుసుకునేవాడు.

అమ్మ పోయాక ఆమె గొంతు మాకు ఒక్క క్యాసెట్టులో మిగిలింది. ఎనభైల చివర్లో మా పక్కింటి చాచా దుబాయి నుంచి అరచేతిలో పట్టే టేపు రికార్డరు తెచ్చాడు. బతుకమ్మ పండుగకు మా వాకిట్లో అమ్మ పాడుతుంటే ఆయన భార్య పట్టుబట్టి దాంట్లో రికార్డు చేయించింది. పాట నడుమ అమ్మ ఆగి, గోడ దగ్గర నిలబడిన బాపును పిలుస్తుంది. "గంత దూరం నిలవడ్డవేంది? ఇనవడ్తాందా నీకు? జర దగ్గరికి రా." ఆ తర్వాత మళ్లీ పాట అందుకుంటుంది.

ఆమె పోయిన తర్వాత చాచా ఆ టేపును హెడ్‌ఫోన్లతో సహా మాకిచ్చేశాడు. అవి చెవులకు పెట్టుకొని సౌండు నిండా పెంచితే బాపుకు అమ్మ వినిపించేది. రోజూ పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూర్చొని వినేవాడు. అమ్మ దగ్గరికి రమ్మనే ఆ మాట రాగానే "వచ్చిన తియ్!" అని గట్టిగా జవాబిచ్చేవాడు. దారిన పోయేవాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ, వాళ్ల సొమ్మేం పోయింది?

ఒక ఎండాకాలం ఆ పాట పాడైంది. బాపు హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకొని నా వైపు బిక్కమొహం వేసుకొని చూశాడు.

"గరగరమంటాంది బిడ్డా. మీ అమ్మ నీళ్లల్ల నుంచి మాట్లాడినట్టున్నది. నా చెవులే పోయినయో ఏమో."

అంతకు ముందే భువనగిరి దవాఖానలో డాక్టరు చెప్పాడు, మిగిలిన వినికిడి కూడా ఎప్పుడైనా పోవచ్చని. నేను హెడ్‌ఫోన్లు లాక్కొని పెట్టుకున్నాను. నాకూ గరగరే. అమ్మ గొంతు మూటగట్టి దాచినట్టు ఎక్కడో లోపల ఉంది. చెబితే నవ్వుతారు గానీ, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. చెడింది టేపు, బాపు చెవులు కావు. టేపు బాగైతే అమ్మ మళ్లీ వినిపిస్తుంది. నేను పట్టుకున్న ఆశ అదొక్కటే.

కొత్త సెల్లులు వేశాను. మార్పు లేదు. వైరు అటు తిప్పితే ఒక చెవిలో పాట వచ్చేది, ఇటు తిప్పితే అదీ పోయేది. చాచా తన ఖవ్వాలీ క్యాసెట్టు ఒకటి తెచ్చి వేసి చూశాడు. అందులో కూడా గరగరే.

"క్యాసెట్టుకేం కాలే. ఫికర్ చెయ్యకు బేటీ, మీ అమ్మ గొంతు సలామతుగున్నది" అన్నాడు.

సలామతుగా ఉంటే ఏం లాభం, వినపడకపోయాక! ఆయన ఇంకో జత హెడ్‌ఫోన్లు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. అవీ అంతే. నాకు అన్నం సయించేది కాదు. ఆ పెట్టెను గోడకు కొట్టాలన్నంత కోపం వచ్చేది. మళ్లీ దాన్నే ఒళ్లో పెట్టుకొని ఏడ్చేదాన్ని. అమ్మ చచ్చిపోయిన నాడు కూడా నేను అంత ఏడవలేదు.

బాపు లెక్క వేరే. "మీ అమ్మకు నా మీద కోపమొచ్చింది" అన్నాడు.

అంతకు ముందు దసరాకు గడ్డపార, సమ్మెట కడిగి బొట్లు పెడుతూ, వాటి పక్కన టేపును కూడా పెట్టి పసుపు, కుంకుమ పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దానికి బొట్టు తప్పలేదు. ఇదేంటని అడిగితే, "ముత్తైదువగ పోయింది. శుక్రారం బొట్టు లేకుంట ఎట్లుంటది?" అనేవాడు. నేనూ ముచ్చటపడి ఊరుకున్నాను. ఇప్పుడు అమ్మ కోపం తీర్చడానికి రోజూ పెట్టడం మొదలుపెట్టాడు. గరగర ఇంకా ఎక్కువైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

చివరికి ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేసేటప్పుడు తుడిచే స్పిరిటు అడుక్కొచ్చి, పుల్లకు దూది చుట్టి టేపు లోపల తుడిచాను. దూది పచ్చగా వచ్చింది. మళ్లీ తుడిచాను, మళ్లీ పచ్చన. తడి పసుపు మూత సందుల్లోంచి కారి, క్యాసెట్టు ఆనే చోట పొలుసు కట్టింది. హెడ్‌ఫోను పిన్ను దూర్చే బెజ్జం నిండా పసుపే. ఆయన ప్రేమే ఆమె నోరు నొక్కింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరబెట్టి, క్యాసెట్టు వేసి విన్నాను.

అమ్మ! గాజుల చప్పుడుతో సహా. "జర దగ్గరికి రా."

క్యాసెట్టును మొదటికి తిప్పుకొని అరుగు మీదికి పరుగెత్తాను. "ఇంకోసారి దీనికి పసుపు పెట్టినవంటే సూడు!" అని అరిచి, ఏడుస్తూ నవ్వుతూ బాపు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. ఆయన నా మొహం వైపే చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. మెల్లగా తల ఊపుతూ మోకాలి మీద వేళ్లతో తాళం వేశాడు.

"వచ్చిన తియ్!" అని నవ్వాడు. "మంచిగైంది బిడ్డా. ఇగ ఏడ్వకు."

నా బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. నేను దాన్ని నొక్కనే లేదు.

అప్పుడు నొక్కాను. సౌండు నిండా పెంచాను. హెడ్‌ఫోన్ల సందుల్లోంచి అమ్మ పాట సన్నగా నాకే వినబడుతోంది. ఆమె పిలిచే మాట వచ్చింది, పోయింది. బాపు పెదవి కదల్లేదు. అదే నవ్వుతో నా మొహం చూస్తూ తల ఊపుతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున టేపును కడిగిన పీట మీద పెట్టి, నా వైపు దొంగచూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి పసుపు తడిపి తెచ్చి, గిన్నె ఆయన చేతికిచ్చాను.