తాడు కట్టి తిప్పిన నెల

గొర్రెల మందలో పెరిగిన కుక్కకు తాడు కట్టరు. మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అయినా ఆత్మకూరు బస్టాండు పక్క కొట్లో నీలం నైలాను తాడు కొని, మా నాయన కుక్క మెడకు నా చేతులతో నేనే కట్టాను.

నాయన పోయిన కొద్ది రోజులకే మందను వరికుంటపాడు వైపు కాపరి ఒకాయన కొనుక్కుని తోలుకుపోయాడు. ఆయనకు సొంత కుక్కలు రెండున్నాయి, మూడోది వద్దన్నాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఉదయగిరి కొండ కనిపించే ఆ పల్లెలో మా ఇంటికి ఇక తాళమే. కుక్కను వీధిలో వదిలేసి రమ్మని బంధువులు ఎంతో తేలిగ్గా చెప్పారు. నాకసలే ముక్కు మీద కోపం. "మీ ఇంట్లో మనిషి పోతే మిగిలినోళ్లని వీధిలో వదిలేస్తారా?" అని అందరి ముందూ అడిగి, దాన్ని ఆత్మకూరుకు తెచ్చుకున్నాను. అక్కడ ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని.

ఇంటి ఓనరామె గేటు దగ్గరే ఆపింది.

"ఏంది పాపా, కుక్కని తెచ్చినావా, దూడని తెచ్చినావా?"

"కుక్కేనక్కా. కరవదు."

"కరవనని అది చెప్పిందా నీకు? పిల్లోళ్లు ఉండే ఇల్లు ఇది. ఒక నెల చూస్తా. వీధిలో ఎవురన్నా భయపడినారంటే తీసకపోవాల్సిందే. తాడు లేకుండా మటుకు గేటు దాటనీబాక."

అలా నెల గడువు వచ్చింది. ఆ నెలలో కుక్కకు ఊరు, ఊరికి కుక్క అలవాటు కావాలి. కాకపోతే దాని గతేమిటో ఆలోచించడానికే భయమేసేది. అందుకే పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత దానికి తాడు కట్టి ఊరంతా తిప్పడం మొదలుపెట్టాను. ఆ వంకన నేనూ ఊరు చూశాను. నాలుగేళ్లుగా గది, బడి, బస్టాండు తప్ప నాకు తెలిసిన ఆత్మకూరు లేదు.

ఉన్నమాట చెప్పాలి, ఊరు మమ్మల్ని బాగానే చూసింది. టిఫిన్ కొట్టాయన విరిగిన ఇడ్లీలు కాగితంలో తీసి పెట్టేవాడు. కూరగాయలమ్మే ఆమె దాన్ని చూసి మొదటి రోజు గంప వదిలేసి దూరం జరిగింది, నాలుగో రోజుకు "రాలేదేందా అనుకుంటా ఉండా" అంది. చెరువు కట్ట మీద నడవడానికి వచ్చే రిటైరైన మేష్టర్లు దాని పొట్టేలంత ఒళ్లు చూసి, ఏ జాతి అని అడిగేవాళ్లు. మా నాయన జాతి అనేదాన్ని. నెల్లూరు రోడ్డులో లారీ హారన్లకు కూడా అది బెదరలేదు.

ఎక్కడ ఆగినా తాడు ఎవరి చేతికో ఇచ్చేదాన్ని. చేయి కడుక్కోవాలన్నా, కూరలు ఏరుకోవాలన్నా, మందుల షాపులోకి వెళ్లాలన్నా ఒక చెయ్యి చాలదు కదా. "ఒక్క నిమిషం పట్టుకోండి" అంటే కాదన్నవాళ్లు లేరు. తాడు చేతికి అందగానే కుక్క వాళ్ల కాళ్ల దగ్గరికి వెళ్లి, నాకు వీపు పెట్టి కూర్చునేది. మొరిగేది కాదు, లాగేది కాదు, నా వైపు చూసేది కూడా కాదు. మళ్లీ తాడు నేను తీసుకుంటే లేవడానికి కాసేపు పట్టేది. మనుషులతో ఎంత బాగా కలిసిపోతోందో అని నేను స్టాఫ్‌రూములో గొప్పలు పోయాను.

మూడో వారానికి తిండి మానేసింది. ముందు నేను పెట్టే సంకటి ముట్టలేదు, తర్వాత టిఫిన్ కొట్టు ఇడ్లీ కూడా వాసన చూసి వదిలేసింది. డొక్కలు తేలాయి. పశువుల డాక్టరు నోరు తెరిపించి చూసి, పొట్ట నొక్కి చూసి, "జ్వరమేం లేదమ్మా, ఊరు మారింది గదా, బెంగ" అన్నాడు. ఓనరామె గేటు దగ్గర నిలబడి, "చస్తే మటుకు ఈడ కాదు" అంది. ఆమె మీద కోపం వచ్చింది కానీ, ఆ మాటే నేనూ లోపల అనుకుంటున్నాను.

అప్పుడు నేనొక నిర్ణయానికొచ్చాను. నాయనతో కలిసి జీవాలు మేపిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పెదనాయనా అని పిలుస్తాను. ఉదయగిరి కొండ కింద ఇప్పటికీ ముప్పై మేకలు మేపుతున్నాడు. కుక్కను ఆయనకిచ్చేస్తే గాలీ నేలా తెలిసినవి, బతుకుతుంది. ఫోనులో ఇస్తానని చెప్పలేదు, చూపిస్తానని మాత్రం చెప్పాను. ఆదివారం, అటు ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటోలో ఇద్దరం ఎక్కాం. దారంతా అది నిలబడే ఉంది.

కొండ కింద మేకలు ముందుకాళ్లెత్తి చెట్లకు నిగుడుతున్నాయి. పెదనాయన కర్ర ఆనించి నిలబడి ఉన్నాడు. తాడు ఆయన చేతిలో పెట్టాను. కుక్క ఆయన కాళ్ల దగ్గరికి వెళ్లి, నాకు వీపు పెట్టి కూర్చుంది. మేకల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన దాన్నీ, తాడునూ చూశాడు.

"ఎన్ని చేతులు మార్చినావు పాపా దీన్ని?"

నాకర్థం కాలేదు. టిఫిన్ కొట్టు, కూరగాయలామె, మందుల షాపు, అన్నీ చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"మనోళ్లు కుక్కకి తాడు ఎప్పుడు కడతారు? ఇంకొక మందకి ఇచ్చేటప్పుడు గదా. దాని కళ్ల ముందర తాడు చెయ్యి మారుస్తారు. ఇంక నీ మనిషి ఈనే అని దానికి తెలియాల గదా. పొద్దున ఒకరికి, మాపిటికి ఒకరికి ఇస్తా ఉంటే అది ఏమనుకుంటాది? ఎవురూ ఉంచుకోలేదనుకుంటాది."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను డిగ్రీలో ఉండగా నాయన ఈ కుక్కను తీసుకున్న రోజు కళ్ల ముందుకొచ్చింది. దాని పాత కాపరి మా దొడ్డి ముందు నిలబడి, తాడు కొస నాయన చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. నాయన మూడు రోజులు దానికి చేత్తో సంకటి తినిపించి, తర్వాత తాడు విప్పేశాడు. ఆ తాడు నేనే చుట్ట చుట్టి దాచాను. ఆరో తరగతి నుంచీ హాస్టల్లో చదివిన దాన్ని కాబట్టి తెలియలేదని చెప్పుకోవచ్చు. కానీ తెలుసు. మర్చిపోయాను.

తప్పు మర్చిపోవడం వరకే అయితే బాగుండేది. ఆ పూట నేను వచ్చింది దాన్ని ఇచ్చేయడానికే. అది పొరబడలేదు. కొండ కింద రాళ్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పెదనాయన ఓదార్చలేదు. తాడు విప్పి నా ఒళ్లో పడేశాడు.

"రోడ్డు దాకా నడువు. పిలవబాక. అది వచ్చిందా, నీది. రాలేదా, ఈడ ఉంటాది."

నడిచాను. మేకల మెడల్లో గంటలు వినిపిస్తున్నాయి తప్ప వెనక అడుగుల చప్పుడు లేదు. రోడ్డెక్కేదాకా ఓర్చుకుని, ఇక చేతకాక తిరిగి చూశాను. నాలుగు బారల దూరంలో, నాయన వెనక నడిచినట్టే, తల వంచుకుని వస్తోంది. ఆ సాయంత్రం గదిలో నేను చేత్తో పెట్టిన సంకటి మూడు ముద్దలు తింది.

తాడు లేకుండా గేటు దాటించానని ఓనరామె మర్నాడే ఇల్లు ఖాళీ చేయమంది. ఊరి చివర, గేదెలున్న వాళ్ల ఇంట్లో గది దొరికింది. బడికి దూరం, అయినా సరే. రెండేళ్లయింది. కుక్క ఒళ్లు చేసింది. ఇద్దరం అవే వీధులు తిరుగుతాం, తాడు లేదు.

కానీ నేనెక్కడైనా ఆగి ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, అది నా పక్కనుంచి లేచి వాళ్ల కాళ్ల దగ్గరికి పోతుంది. నాకు వీపు పెట్టి కూర్చుంటుంది. వాళ్లు మురిసిపోయి తల నిమురుతారు. "చూడండి టీచర్, మేమంటే ఎంత ఇష్టమో దీనికి" అంటారు.

అవునంటాను. నిజం చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.